సవరణ: స్ట్రట్‌లు మారిస్తే చాలదు

పాత కారు కుదుపులకు ముందు చక్రాల స్ట్రట్‌లు (స్ప్రింగు మధ్యలో ఉండే షాక్ అబ్జార్బర్లు) రెండూ మార్చి, బండి జాకీ మీద ఉండగానే బోల్టులన్నీ పూర్తిగా బిగించమని ఇంతకుముందు రాశాం. ఆ రెండో మాట తప్పు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బండికి కలిపే చేయి) బుష్ (రబ్బరు తొడుగు) బోల్టులు వదులు చేసి ఉంటే, చక్రాల మీద బండి బరువు పడ్డాకే చివరి బిగింపు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

స్ప్రింగుల సంగతీ వదిలేశాం. హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న బాడీ రేకు) అంచుకు ఎత్తు కొలవండి. స్పెసిఫికేషన్ కంటే తగ్గితే స్ప్రింగులు కుంగినట్టే. అప్పుడు కొత్త స్ట్రట్ కూడా బెంగళూరు హంపుల మీద బంప్ స్టాప్‌కు (చివర్లో ఆపే రబ్బరు అడ్డుకు) కొట్టుకుంటుంది. స్ప్రింగులు జతగానే మార్చాలి. బెంగళూరులో విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో కొనేటప్పుడు పార్ట్ నంబర్ సరిచూడండి: పెట్రోలు, డీజిలు స్ప్రింగులు చాలా మోడళ్లలో వేరు. టాప్ మౌంట్ (స్ట్రట్ పైభాగాన్ని బాడీకి పట్టించే భాగం), దాని బేరింగ్ కూడా అప్పుడే మార్చండి. మళ్లీ విప్పితే కూలీ రెండింతలు. చివర్లో అలైన్‌మెంట్.