సవరణ: వైఎంసీఏ పేరు సంగతి

వైఎంసీఏ (యంగ్ మెన్స్ క్రిస్టియన్ అసోసియేషన్) 2010లో పాత పేరు వదిలేసి ‘ది వై’ అయిపోయిందని, క్రైస్తవ ప్రస్తావన కూడా తీసేసిందని మొన్న రాశాను. అది తప్పు. శీర్షిక మాత్రమే చదివి రాసేశాను.

సంస్థ అప్పట్లో ఇచ్చిన ప్రకటన ప్రకారం, ఆ మార్పు అమెరికా జాతీయ సంస్థది మాత్రమే. 1844లో లండన్‌లో మొదలైన ఉద్యమం మొత్తానికీ అది వర్తించదు. అమెరికాలో కూడా చట్టపరమైన పేరు మారలేదు. జనం ఎప్పటినుంచో ‘ది వై’ అనే పిలుస్తున్నారు కాబట్టి ప్రచారంలో దాన్నే ముందుకు తెచ్చారు. స్థానిక శాఖలు ఊరి పేరు చేర్చి వైఎంసీఏ అనే చెప్పుకోవచ్చు. క్రైస్తవ సూత్రాల మాట సంస్థ లక్ష్య ప్రకటనలో అలాగే ఉంది. లోగో మాత్రం నిజంగానే మారింది, అదీ 1967 తర్వాత మొదటిసారి.

పేరు గొడవలో పడి ముఖ్యమైన సంగతి వదిలేశాను. వైఎంసీఏ అంటే జిమ్, స్విమ్మింగ్ పూల్ అనుకునేవాళ్లే ఎక్కువ. అందుకే తమ పనిని యువత ఎదుగుదల, ఆరోగ్యకరమైన జీవనం, సామాజిక బాధ్యత అనే మూడింటి చుట్టూ కొత్తగా చెప్పుకున్నారు. నా లెక్కలో లోగో కన్నా ఇదే పెద్ద మార్పు. పాత పోస్టులో పేరు గురించి తప్పుగా రాసిన పేరా తీసేశాను.