రేవు పేరు ఒక్కటే చెబితే సరిపోదు

ఎర్రటి వేలాడే వంతెన, కింద వెడల్పాటి నీళ్లు. తెల్లవారుజామున ఓడ పైడెక్ మీద నిలబడి ఎవరో తీసిన ఫొటో. ఇది ఏ రేవో చెప్పండి అనగానే చాలామంది శాన్‌ఫ్రాన్సిస్కో అనేస్తారు. ఇంకాస్త నిదానంగా చూసినవాళ్లకు అవతలి ఒడ్డున చేతులు చాచి నిలబడ్డ క్రీస్తు విగ్రహం కనిపిస్తుంది. వాళ్లు రియో డి జనీరో అంటారు. రెండూ తప్పే. అది పోర్చుగల్ రాజధాని లిస్బన్.

ఎలా చెప్పగలం? వంతెన స్తంభాన్ని పెద్దది చేసి చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన స్తంభాల్లో రోడ్డుకు పైభాగాన, రెండు కాళ్లనూ కలుపుతూ అడ్డపట్టీలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. లిస్బన్ వంతెనకు అదే చోట ఇనుప దూలాలు ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటుతూ కనిపిస్తాయి. రోడ్డు కింద ఇంకో అంతస్తు కూడా ఉంది. 1999 నుంచి అందులో రైళ్లు తిరుగుతున్నాయి. నిజానికి ఈ వంతెనకు దగ్గరి చుట్టం గోల్డెన్ గేట్ కాదు, అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న బే బ్రిడ్జి. రెండింటి నిర్మాణంలోనూ ఒకే అమెరికన్ కంపెనీ చెయ్యి ఉంది. ఇక విగ్రహం సంగతి. రియోలోది 700 మీటర్లకు పైగా ఎత్తున్న కొండ కొమ్మున చిన్న దిమ్మె మీద నిలబడి ఉంటుంది. లిస్బన్ దగ్గరిది నాలుగు కాళ్ల మండపం లాంటి పీఠం మీద ఉంటుంది. ఆ పీఠమే దాదాపు 80 మీటర్లు.

సముద్ర క్రూయిజ్‌లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఏళ్ల తరబడి ఆడుకుంటున్న ఆట ఇది. ఒకరు ఫొటో పెడతారు, మిగతావాళ్లు రేవు పేరు చెబుతారు. బయటివాళ్లకు ఇది కాలక్షేపంగానే కనిపిస్తుంది. నా ఉద్దేశంలో క్రూయిజ్‌కు వెళ్లబోయేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. అయితే ఒక షరతు ఉంది. జవాబుతో పాటు ఆనవాలు కూడా చెప్పాలి. పొడుపు కథ విప్పినవాళ్లు జవాబు ఒక్కటే చెప్పి ఊరుకోరు కదా. పొడుపులోని ఒక్కో మాట దేన్ని ఉద్దేశించిందో విప్పి చూపిస్తారు. ఈ ఆటలోనూ విలువంతా ఆ విప్పడంలోనే ఉంది. ఎందుకంటే రేవును పట్టించిన ఆనవాలే చాలాసార్లు ఆ రేవులో పనికొచ్చే సలహా కూడా అవుతుంది.

లిస్బన్ సంగతే చూడండి. వంతెనను గుర్తుపట్టిన మనిషి అక్కడితో ఆగకుండా రెండు మాటలు కలుపుతారు. సముద్రం వైపు నుంచి వచ్చే ఓడ ఈ వంతెన కింద నుంచే నదిలోకి వెళ్లాలి. లోపలికి వెళ్లేటప్పుడు బేలెం బురుజు ఎడమ చేతి వైపు, విగ్రహం కుడి చేతి వైపు కనిపిస్తాయి. వంతెన మీద కొన్ని వరుసలు ఇనుప జల్లెడలా ఉంటాయి కాబట్టి వాటి మీద కార్లు పోతుంటే తేనెతుట్టె కదిలినట్టు ఒకటే రొద, అది కింద ఓడ డెక్ దాకా వినిపిస్తుంది. ఇది తెలిసినవాళ్లు ఆ రోజు పొద్దున్నే పైడెక్ మీదికి చేరతారు. తెలియనివాళ్లు నిద్ర లేచేసరికి ఓడ రేవులో కట్టేసి ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునే ఆనవాలు మాత్రం వంతెనలూ విగ్రహాలూ కాదు, రేవు గోడ. ఓడను ఆనించి కట్టే ఆ కాంక్రీటు గోడను ఫొటోలో ఎవరూ పట్టించుకోరు. దాన్ని దగ్గరగా చూస్తే కొన్నిచోట్ల పైభాగం పొడిగా, తెల్లగా ఉంటుంది. ఒక గీత దగ్గర మొదలై కింద నీళ్ల దాకా నల్లగా, పాచి పట్టి, తడితడిగా ఉంటుంది. ఆటు వేళ తీసిన ఫొటో అయితే, ఆ నల్లపట్టీ ఎంత వెడల్పుంటే అక్కడ ఆటుపోట్ల తేడా దాదాపు అంత. పట్టీ జానెడే ఉంటే మధ్యధరా సముద్రం కావచ్చు, అక్కడ చాలాచోట్ల పోటు పెద్దగా తెలియదు. రెండంతస్తుల మేడంత ఉంటే కెనడాలోని ఫండీ అఖాతం గుర్తుకు రావాలి. ఆ తీరాన సెయింట్ జాన్ రేవులో కొన్ని రోజుల్లో నీటిమట్టం 8 మీటర్ల దాకా మారుతుంది. పోటు వేళ సముద్రం నదిని వెనక్కి తోసేస్తుంది, నీళ్లు ఎగువకు పారతాయి.

ఇందులో సలహా ఎక్కడుంది? పొద్దున ఒక డెక్ నుంచి ఒడ్డుకు దిగే దారి, అంటే గ్యాంగ్‌వే వేస్తే, మధ్యాహ్నానికి ఓడ అన్ని మీటర్లు లేచో దిగో ఉంటుంది. అప్పుడు దారిని ఇంకో డెక్‌కు మార్చాల్సి రావచ్చు, లేదా దాని వాలు బాగా పెరగవచ్చు. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకూ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ ఇది తెలిసి ఉండటం చాలా అవసరం. దిగేటప్పుడు సులువుగా దిగిన దారే తిరిగి ఎక్కేటప్పుడు నిట్టనిలువుగా ఉంటే ఎంత టెన్షన్! నల్లపట్టీని చూసి రేవును చెప్పిన మనిషి, ఆ ఒక్క మాట చెబితే ఎవరికో ఒకరికి ఆ రోజంతా తేలికవుతుంది.

ఆటుపోట్లను తేలిగ్గా తీసుకోకూడదని 2024 మార్చిలో ఎనిమిది మంది ప్రయాణికులకు ఎదురైన అనుభవం చెబుతుంది. ఆఫ్రికా పడమటి తీరాన సావో టోమే దీవిలో వాళ్లు ఓడ ఏర్పాటు చేసిన టూర్ కాకుండా వేరే టూర్‌కు వెళ్లారు. తిరిగొచ్చేసరికి ఆలస్యమైంది. ఓడ ఇంకా కళ్లెదుటే ఉంది. కోస్ట్‌గార్డ్ పడవలో దాని దగ్గరిదాకా వెళ్లినా ఎక్కనివ్వలేదు. విమానాలు మారుతూ తర్వాతి రేవైన గాంబియాకు చేరితే, పోటు అనుకూలించక ఓడ అక్కడ ఆగనే లేదు. చివరికి సెనెగల్‌లో ఎక్కగలిగారు. సొంతంగా తిరగొద్దని నేను అనను, సొంతంగా తిరిగినప్పుడే ఊరు బాగా తెలుస్తుంది. కానీ ఓడ వాళ్ల టూర్ ఆలస్యమైతే మామూలుగా ఓడ ఆగుతుంది, మన టూర్ ఆలస్యమైతే ఆగదు. ఎక్కాల్సిన ఆఖరి సమయం చాలాసార్లు ఓడ కదిలే సమయానికి అరగంట ముందే ఉంటుంది. పైగా ఓడ గడియారం, ఊరి గడియారం ఒకే సమయం చూపించాలని లేదు. ఎవరికి ఏ సలహా ఇచ్చినా ముందు ఇవి చెప్పాలి.

అందమైన ఫొటోలకూ నిజమైన రేవుకూ మధ్య ఉన్న దూరాన్ని కూడా ఈ ఆట బయటపెడుతుంది. క్రూయిజ్ బ్రోషర్‌లో "రోమ్" అని రాసి కొలోసియం బొమ్మ వేస్తారు. ఓడ ఆగేది చివిటావెక్కియాలో, అక్కడి నుంచి రోమ్ సుమారు 80 కిలోమీటర్లు. "పారిస్" అంటే లహావ్ర్, ఈఫిల్ టవర్‌కు దాదాపు 200 కిలోమీటర్లు. "బెర్లిన్" అంటే వార్నెమ్యూండె, అదీ 200 కిలోమీటర్ల పైమాటే. "బ్యాంకాక్" అని నమ్మి దిగితే ఎదురుగా లేమ్ చబాంగ్ కంటెయినర్ క్రేన్లు కనిపిస్తాయి. బాల్కనీలోంచి తీసిన ఫొటోలో కొలోసియం ఉండదు. పార్కింగ్‌లో నిలబడ్డ బస్సులు, గుండ్రటి బురుజులున్న పాత కోట ఉంటాయి. చివిటావెక్కియా రేవులోని ఆ మైకెలాంజెలో కోటను ఒకసారి ఫొటోలో గుర్తుపట్టినవాళ్లకు, రోమ్‌కు ఇంకా ఎంత ప్రయాణం మిగిలి ఉందో ఎవరూ చెప్పక్కర్లేదు.

వార్నెమ్యూండె గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. రైల్లోనో బస్సులోనో వెళ్లడానికి దాదాపు మూడు గంటలు, రావడానికి మూడు గంటలు పెట్టి బెర్లిన్‌లో బస్సు కిటికీలోంచి గోడ ముక్క చూసి రావడం కంటే, ఓడ దిగి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్లోనే రోజు గడపడం మేలు. 1898 నాటి లైట్‌హౌస్, వెడల్పాటి ఇసుక తీరం, పక్కనే రోస్టాక్ నగరం. బెర్లిన్‌కు ఇంకోసారి వెళ్లి నాలుగు రోజులు ఉండవచ్చు. ఈ మాటను బ్రోషర్ ఎప్పటికీ చెప్పదు. రేవు ఫొటో చూసి ఊరిని గుర్తుపట్టేవాళ్లే చెప్పగలరు, ఎందుకంటే వాళ్లు ఆ ఊరిని ఊరిగా చూశారు, బెర్లిన్‌కు పోయే దారిగా చూడలేదు.

చిన్నచిన్న ఆనవాళ్లు ఇంకా చాలా ఉన్నాయి. ఓడ రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయాలు (దారి చూపడానికి నీళ్ల మీద తేలే గుర్తులు) ఎడమ వైపు ఉంటే యూరప్, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, ఆసియాలో చాలా భాగం. కుడి వైపు ఉంటే ఉత్తర, దక్షిణ అమెరికాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్. ఓడ స్తంభానికి కుడి పక్కన ఎగిరే చిన్న జెండా ఆ దేశానిదే, అది ఫొటోలో పడితే ఆట అక్కడితో ముగిసినట్టే. అలాస్కాలోని స్కాగ్వేనైతే రేవు పక్క కొండ రాతిగోడ పట్టిస్తుంది. దాని మీద అక్కడికి వచ్చిన ఓడల సిబ్బంది తమ ఓడ పేరు, కెప్టెన్ పేరు రంగులతో రాసి పోయారు. 2022లో అదే కొండ నుంచి రాళ్లు జారిపడి రేవులో ఒక భాగాన్ని ప్రయాణికులకు మూసేయాల్సి వచ్చింది. ఆ ఫొటో చూసి స్కాగ్వే అని చెప్పేవాళ్లు, బుక్ చేసుకునే ముందు ఓడ రేవులో ఏ బెర్తుకు, అంటే కట్టే చోటుకు వస్తుందో కనుక్కోమని కూడా చెప్పాలి.

ఇప్పుడు ఫొటోను ఫోన్‌కు చూపిస్తే క్షణంలో ఊరి పేరు వచ్చేస్తోంది. ఆట చచ్చిపోయిందని కొందరు బాధపడుతున్నారు. ఆ బాధ నాకూ ఉంది, కానీ నా భయం వేరే. పేరు ఇంత సులువుగా వచ్చాక ఎలా కనిపెట్టారన్న మాటే మాయమవుతోంది. సరైన పేరు ఒక్కటే రాసి పోయినవాళ్లకంటే, "పాచి పట్టీ ఇంత ఉంది కాబట్టి ఫండీ అనుకుంటున్నా" అని చెప్పి ఊరి పేరు తప్పిన మనిషి నాకు ఎక్కువ నేర్పుతారు.

సలహాల విషయంలో ఇంకో చిక్కు ఉంది, వాటి వయసు. వెనిస్‌లో సాన్ మార్కో చౌక్ ఎదుట నుంచి ఓడ సాగిపోతుంటే బాల్కనీలో కూర్చుని చూడాలన్న సలహా ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. 2021 ఆగస్టు 1 నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలను ఆ దారిలో రానివ్వడం లేదు. పెద్ద ఓడలు మార్గెరాకో, రవెన్నాకో, ట్రియెస్టెకో వెళ్తున్నాయి. ఈ సలహా ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్పలేదు, తాము వెళ్లిన ఏడాది చెప్పలేదు, అంతే. వెళ్లిన నెల, ఏడాది లేని సలహాను నేను లెక్కలోకి తీసుకోను.

గ్రీస్ దీవి సాంటొరిని సంగతి చూస్తే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. పాత అగ్నిపర్వతం కూలిన గుంటలో సముద్రం నిండిన చోటు అది. నీళ్లు లంగరుకు అందనంత లోతు. నీళ్ల మధ్య ఓడ, దాని చుట్టూ తిరుగుతూ ప్రయాణికులను ఒడ్డుకు చేర్చే చిన్న టెండర్ బోట్లు, పైన కొండ అంచున తెల్లటి ఇళ్లు కనిపిస్తే రేవు పేరు చెప్పడం కష్టం కాదు. ఆ టెండర్ బోట్లలోనే అసలు సలహా ఉంది. బోటు దిగాక పైకి వెళ్లడానికి కేబుల్ కారు, గాడిదలు, దాదాపు 600 మెట్లు. ఫొటోలో మూడు నాలుగు ఓడలు కనిపిస్తే కేబుల్ కారు దగ్గర గంటల తరబడి నిలబడాల్సిందే, అందుకే తిరుగు ప్రయాణం త్వరగా మొదలుపెట్టాలి. గాడిదలను మాత్రం వదిలేయండి. ఆ ఎండలో, ఆ మెట్ల మీద మనుషులను మోయడం వాటికి నరకం. 2025లో అక్కడ క్రూయిజ్ ప్రయాణికులను రోజుకు 8,000కు పరిమితం చేశారు. అదే ఏడాది జూలై నుంచి రద్దీ సీజన్‌లో తలకు 20 యూరోల రుసుము కూడా వచ్చింది. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో రోజుకు రెండు ఓడలే. అలాస్కాలోని జూనోలో 2024 నుంచి ఐదు పెద్ద ఓడలకు మించి రానివ్వడం లేదు.

ఈ రద్దీలో సలహాలు చెప్పే మనకూ భాగం ఉందని ఒప్పుకోవాలి. పది గంటలకు ఫలానా మలుపు దగ్గర నిలబడితే మంచి ఫొటో వస్తుందని అందరం అందరికీ చెబితే, పది గంటలకు ఆ మలుపు దగ్గర ఇల్లున్న మనిషి తలుపు తీయలేరు. అందుకే ఏం చూడాలో చెప్పేముందు, ఆ రోజు రేవులో ఎన్ని ఓడలున్నాయో చూసుకోమని చెప్పడం మంచిది. చాలా రేవులు ఓడల రాకపోకల పట్టికను నెలల ముందే ప్రకటిస్తాయి.

ఇంకో మాట కూడా మనసులో ఉంచుకోకుండా చెప్పేస్తాను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. బయలుదేరే ముందు ఏ వైపు క్యాబిన్ తీసుకోవాలి, షటిల్ బస్సు ఉంటుందా, రైలు స్టేషన్ ఎంత దూరం అని వంద ప్రశ్నలు అడిగినవాళ్లలో, తిరిగొచ్చాక అక్కడ ఏం మారిందో చెప్పేవాళ్లు తక్కువ. షటిల్ బస్సు ఇప్పుడు ఇంకో గేటు నుంచి బయలుదేరుతోందన్న ఒక్క వాక్యం చాలు, వచ్చే వారం వెళ్లేవాళ్లకు అరగంట కలిసొస్తుంది.

ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి పాత ఫొటోలు. తాతయ్య ఓడల్లో పనిచేసేవారనో, అమ్మ చిన్నప్పుడు ఓడలోనే ప్రయాణం చేసిందనో చెప్పి, అట్ట వెనక ఏమీ రాయని నలుపు తెలుపు ఫొటోను ఎవరో ఒకరు తెస్తారు. అందులో వెడల్పాటి నది, అవతలి ఒడ్డున నాలుగు కాళ్ల పీఠం మీద చేతులు చాచిన విగ్రహం ఉన్నాయనుకోండి. ఊరు లిస్బన్ అని ఇప్పుడు మీరే చెప్పేస్తారు. కానీ నది మీద వంతెన లేదు, దాని స్తంభాలు కూడా లేవు. విగ్రహాన్ని 1959 మేలో ప్రారంభించారు. వంతెన పని 1962 చివర్లో మొదలై 1966 ఆగస్టులో పూర్తయింది. అంటే డెక్ రెయిలింగ్ పట్టుకుని నవ్వుతున్న ఆ మనిషి లిస్బన్‌లో నిలబడింది ఆ మధ్యనున్న మూడు నాలుగేళ్లలోనే.