ఒకటో నంబరు కుర్చీలో కూర్చున్న స్టార్ట్.ఎస్‌హెచ్ గారికి

అయ్యా,

ఉత్తరం రాసి లాభం లేదని తెలుసు. బయటి నుంచి వచ్చిన ఏ కబురూ మీరు వినరన్న సంగతి తేలడానికి నాకు మూడు రాత్రులు పట్టింది, ఆ కడుపుమంట తీరాలి కదా, అందుకని రాస్తున్నా.

మీరు పదకొండు లైన్ల స్క్రిప్టు ఫైలు, అంటే మా ప్రోగ్రామ్‌ని లేపడానికి రాసిన ఆదేశాల చిట్టా. మొదటి లైన్లో ఆ ఆదేశాలు నడిపే షెల్ పేరు, మధ్యలో సెట్టింగులు అందించే నాలుగు ఎక్స్‌పోర్టులు, డేటాబేస్ లేచిందో లేదో తొంగిచూసే ఒక లూపు, చివరి లైన్లో మా పైథాన్ వర్కర్‌ని, అంటే అసలు పని చేసే ప్రోగ్రామ్‌ని, లేపడం. అంతే మీ ఉద్యోగం. లేపాక పక్కకి తప్పుకోవాలి. మీరు మాత్రం కంటైనర్లో (ప్రోగ్రామ్‌ని మిగతావాటి నుంచి వేరుచేసి నడిపే పెట్టెలో) ఒకటో నంబరు ప్రాసెస్‌గా, అంటే అక్కడ మొదట లేచిన ప్రోగ్రామ్‌గా, కుర్చీలో సెటిలైపోయి, అసలు పని చేసేవాడికి ఎక్కడో పన్నెండో నంబరు పడేశారు. మిమ్మల్ని రాసింది నేనే, ఒప్పుకుంటున్నా. రాసింది అంటే, పాత ప్రాజెక్టులోంచి కాపీ కొట్టి పేస్టు చేసింది నేనే.

గొడవ ఎక్కడ మొదలైందో చెప్తాను. మా పిన్ని ఆవకాయ ఆర్డర్ పెట్టింది. "మీ ఆర్డర్ బయల్దేరింది" అని మెసేజ్ వచ్చింది. రెండు నిమిషాలకి మళ్ళీ అదే మెసేజ్. ఆవిడ నాకు ఫోన్ చేసి "ఒరే, రెండు డబ్బాలు వస్తున్నాయా, ఒకదానికే డబ్బులు కట్టాను, రెండోది వెనక్కి పంపాలా?" అంది. ఆ మెసేజ్‌లు పంపే వర్కర్ మాదే. టైమ్ చూస్తే సరిగ్గా మేము కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసిన, అంటే సర్వర్లోకి ఎక్కించిన, నిమిషం. పాత రికార్డులు తిరగేస్తే ప్రతి డిప్లాయ్‌కీ ఇదే కథ, ఎవరో కొంతమందికి మెసేజ్ రెండేసి సార్లు వెళ్తోంది, వాళ్ళు మా పిన్నిలా ఫోన్ చేసి అడగలేదు, అంతే తేడా.

డిప్లాయ్ స్క్రిప్టు ఎనిమిది కంటైనర్లని ఒక్కొక్కటిగా ఆపి మళ్ళీ లేపుతుంది. ఒక్కోటి ఆగడానికి పది సెకన్లు, మొత్తం ఎనభై. ఆ ఎనభై సెకన్లలో నేను వెళ్ళి టీ తెచ్చుకునేవాణ్ణి. కంటైనర్లని నడిపే డాకర్ అంటే అంతేలే అనుకున్నాం, రెండేళ్ళు. ఒక్కరికీ అనుమానం రాలేదు. నిజంగా సర్దుకోవడానికి పట్టే టైమైతే ఒకరోజు రెండు సెకన్లు, ఒకరోజు ఏడు పడుతుంది. రోజూ సరిగ్గా పదే పట్టిందంటే అక్కడ ఎవడూ ఏమీ సర్దుకోవడం లేదు, ఎవడో ఎవడికోసమో గడియారం చూసుకుంటూ నిలబడ్డాడన్నమాట.

నిలబడింది డాకర్. పాపం దాని పద్ధతి మర్యాదస్తుల పద్ధతే. డాకర్ స్టాప్ అనగానే ముందు సిగ్‌టర్మ్ అనే సిగ్నల్ పంపుతుంది, "బాబూ, షట్టర్ దించుతున్నాం, సర్దుకో" అని. అదీ ఒకటో నంబరు వాడికే పంపుతుంది, ఇంట్లో పెద్దకి చెప్తే చాలు కదా అని. పది సెకన్లు ఆగుతుంది. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే సిగ్‌కిల్, అక్కడికక్కడే చంపే సిగ్నల్. దానికి అప్పీలు లేదు, పట్టుకోవడం కుదరదు, వద్దనడం కుదరదు. ఒకటో నంబరు పోయిన మరుక్షణం లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ ఆ కంటైనర్లో మిగిలిన అందర్నీ కూడా తుడిచేస్తుంది. అంటే, మీకు కబురు అందింది, మీరు జేబులో పెట్టుకున్నారు, పన్నెండో నంబరు వాడు ఏమీ తెలియక కొత్త కొత్త జాబ్‌లు తీసుకుంటూనే ఉన్నాడు, పదో సెకనులో మీతోపాటు వాడూ పోయాడు. ఒక్కో జాబ్‌లో 50 మెసేజ్‌లు. ముప్ఫై పంపాక చస్తే, ఆ జాబ్ అవలేదనుకుని, జాబ్‌లు పంచే క్యూ దాన్ని ఇంకో వర్కర్‌కి ఇస్తుంది, వాడు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఆ ముప్ఫైమందిలో మా పిన్ని ఒకరు.

మరి టెస్ట్ చేయలేదా అంటే, చేశాం సార్! అదే నా బాధ. లాప్‌టాప్‌లో కంటైనర్ నడిపి కంట్రోల్-సి కొట్టాం, టక్కున ఆగింది, "గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ ఓకే" అని టికెట్ మూసేశాం. కంట్రోల్-సి పంపేది సిగ్‌టర్మ్ కాదు, సిగ్‌ఇంట్. దాన్ని టెర్మినల్ ఒక్క మీకే ఇవ్వదు, ముందు వరసలో ఉన్న గుంపు మొత్తానికి ఇస్తుంది, అందులో పన్నెండో నంబరూ ఉన్నాడు. పైథాన్‌కి సిగ్‌ఇంట్ వినడం పుట్టుకతోనే వచ్చు. మూడూ కలిసొచ్చాయి. సర్వర్లో కంట్రోల్-సి కొట్టేవాడు ఎవడూ లేడన్న ముక్క ఆ రోజు గదిలో ఒక్కడికీ తట్టలేదు.

మొదటి రాత్రి మీ గుట్టు పట్టడానికి కంటైనర్ లోపలికి వెళ్ళాను. కంటైనర్ కట్టింది స్లిమ్ ఇమేజ్‌తో కదా, అందులో ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్ కూడా లేదు. ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్‌లో ఒకటో నంబరు కింద కమాండ్‌లైన్ ఫైలు తెరిస్తే షెల్ పేరూ మీ పేరూ మధ్యలో ఖాళీ లేకుండా అతుక్కుని కనిపించాయి. అక్కడి నుంచే మీకు సిగ్‌టర్మ్ పంపాను. చలనం లేదు. సరే అని కిల్ మైనస్ తొమ్మిది, ఒకటి అని కొట్టాను, అంటే ఒకటో నంబరుకి సిగ్‌కిల్. ఎర్రర్ కూడా రాలేదు, ప్రాంప్ట్ వచ్చి నిలబడింది, మీరు అలాగే ఉన్నారు! తన నేమ్‌స్పేస్, అంటే తన కంటైనర్, లోపలివాళ్ళు పంపిన తొమ్మిదో నంబరు సిగ్నల్ ఒకటో నంబరుకి పట్టదట. మెషిన్‌లో అసలు ఇనిట్, అంటే మెషిన్ మొత్తానికి ఒకటో నంబరు ప్రాసెస్, పోతే సిస్టమ్ మొత్తం పోతుంది కాబట్టి కెర్నెల్ దానికి రక్షణ ఇచ్చింది, కంటైనర్లో ఒకటో నంబరుకీ అదే రక్షణ. వినడానికి హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే ఏం చేయాలో చెప్పే కోడు) పెట్టుకోని సిగ్నల్ ఏదైనా సరే, అవతల పారేస్తుంది. బయటి నుంచి, అంటే కంటైనర్ని మోసే అసలు మెషిన్ (హోస్ట్) నుంచి వచ్చే సిగ్‌కిల్, సిగ్‌స్టాప్ మాత్రమే దీనికి మినహాయింపు. ఇంత సెక్యూరిటీ పదకొండు లైన్ల ఫైలుకి.

మందు చిన్నదే అన్నారు అందరూ. మీ చివరి లైన్ ముందు ఎగ్జెక్ అని ఒక్క మాట పెడితే, మీరు కుర్చీ ఖాళీ చేసి అదే నంబరుతో పైథాన్‌ని కూర్చోబెడతారు. పెట్టాను. రెండో రాత్రి, విజయగర్వంతో డాకర్ స్టాప్ కొట్టాను.

10.4 సెకన్లు. ప్రాసెస్ పోతూ వదిలే ఎగ్జిట్ కోడ్ 137. అంటే 128కి తొమ్మిది కలిపితే వచ్చేది, సిగ్‌కిల్‌తో పోయాడని పోస్ట్‌మార్టం రిపోర్టు.

ఇక్కడ మీకు క్షమాపణ చెప్పాలి, చెప్తున్నా. పన్నెండో నంబరుగా ఉన్నప్పుడు ఇదే పైథాన్‌కి సిగ్‌టర్మ్ పంపితే మారుమాట లేకుండా పోయేవాడు, నేనే చూశాను. అదే ప్రోగ్రామ్, ఒక్క అక్షరం మారలేదు, ఒకటో నంబరు ఇవ్వగానే వాడికీ చెవులు మూసుకుపోయాయి. మన దగ్గర కుర్చీ ఎక్కినవాళ్ళ గురించి అనుకునేవన్నీ లైనక్స్‌లో రూలుగా రాసి పెట్టారని నాకేం తెలుసు. ప్రాక్‌లో వాడి స్టేటస్ ఫైలు చూస్తే, ఏయే సిగ్నల్స్ పట్టుకుంటాడో చెప్పే వరసలో బోలెడు సున్నాలూ చివర ఒక 2. ఆ 2 సిగ్‌ఇంట్. సిగ్‌టర్మ్ పట్టుకునేవాడైతే అక్కడ 4002 ఉండాలి. ఆ నాలుగు లేకపోవడమే మా పిన్నికి రెండు మెసేజ్‌లు.

అప్పుడొక కొలీగ్ "ఇనిట్ ఫ్లాగ్ పెట్టు, టినీ చూసుకుంటుంది" అన్నాడు. డాకర్ 1.13 నుంచి ఉన్న సదుపాయమే. చిన్న ప్రోగ్రామ్, ఒకటో నంబరులో అది కూర్చుంటుంది, వచ్చిన కబురు కిందివాడికి అందిస్తుంది, అనాథ పిల్ల ప్రాసెస్‌లు చచ్చి జాంబీలుగా మిగిలితే ఎత్తేస్తుంది. మీరు చేయాల్సిన ఉద్యోగం అన్నమాట. పెట్టగానే 0.3 సెకన్లు, ఎగ్జిట్ కోడ్ 143! ఆఫీసులో చప్పట్లు. ఎనభై సెకన్ల డిప్లాయ్ మూడు సెకన్లకి దిగింది, నా టీ పోయింది.

మర్నాడు పిన్ని ఫోన్. "ఈసారి గోంగూరకి కూడా రెండొచ్చాయిరా."

143 అంటే 128కి సిగ్‌టర్మ్ నంబరు పదిహేను కలిపితే వచ్చేది. సిగ్‌టర్మ్ అందింది, అందిన చోటే ప్రాణం వదిలాడు, చేతిలో ముప్ఫై మెసేజ్‌లు పంపిన జాబ్ అలాగే ఉంది. ఇంతకుముందు పది సెకన్లు ఆగి చంపేవాళ్ళం, ఇప్పుడు ఆగకుండా చంపుతున్నాం. టైమ్ తగ్గిందని చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మూడో రాత్రి చేసింది కిరాణా కొట్టువాడు రోజూ చేసేదే. తొమ్మిదిన్నరకి షట్టర్ సగం దించుతాడు, లోపలున్నవాళ్ళకి సరుకు కట్టిస్తాడు, కొత్తవాణ్ణి రానివ్వడు. పైథాన్‌లో ఆరు లైన్ల హ్యాండ్లర్: సిగ్‌టర్మ్ రాగానే ఒక జెండా ఎత్తు, కొత్త జాబ్ తీసుకోకు, చేతిలో ఉన్నది పూర్తిచేసి క్యూకి చెప్పి వెళ్ళు. మా వర్కర్ పిల్ల ప్రాసెస్‌లని పుట్టించే రకం కాదు కాబట్టి టినీని తీసేశాం, మీ ఎగ్జెక్ ఉంచాం. టెస్ట్ కూడా మార్చాం. మెసేజ్‌లు అందుకునే ఉత్తుత్తి గేట్‌వే ఒకటి పెట్టి, 50 మెసేజ్‌ల జాబ్ ఇచ్చి, ఒక సెకను ఆగి, కంట్రోల్-సి జోలికి పోకుండా డాకర్ స్టాప్ కొట్టి, ఎగ్జిట్ కోడ్ సున్నా వచ్చిందా, గేట్‌వే దగ్గర సరిగ్గా 50 ఉన్నాయా, క్యూలో ఏమైనా మిగిలిందా అని చూస్తుంది. రేపు ఎవడైనా మీ చివరి లైన్లో ఎగ్జెక్ పీకితే టెస్ట్ ఫెయిలై బిల్డ్ ఎర్రబడుతుంది.

పక్కమాట. అందరికీ సిగ్‌టర్మే సరిపోతుందనుకోకండి. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కి సిగ్‌టర్మ్ ఇస్తే తొందరగా పోతుంది, నెమ్మదిగా సర్దుకోవాలంటే సిగ్‌క్విట్ ఇవ్వాలి, అందుకే దాని అధికారిక ఇమేజ్‌లో స్టాప్‌సిగ్నల్ (ఆపేటప్పుడు పంపే సిగ్నల్) అదే పెట్టారు. ఇంకో వెబ్ సర్వర్ అపాచీ ఇంకా విచిత్రం, టెర్మినల్ విండో సైజు మారిందని చెప్పే సిగ్‌విన్చ్ వస్తే "ఓహో, నన్ను మర్యాదగా వెళ్ళమంటున్నారు" అనుకుంటుంది. విండో పట్టుకు లాగితే సర్వర్ ఆగిపోయే ఇంట్లో మీ చెవుడు పెద్ద వింతేం కాదులెండి.

ఇప్పుడు డాకర్ స్టాప్ ఒకసారి 1.2 సెకన్లు పడుతోంది, ఒకసారి 4.6, ఒకసారి 0.4. ఏ రెండుసార్లూ ఒకేలా లేదు. అది చూసినప్పుడల్లా హాయిగా ఉంది.

ఇట్లు,
మిమ్మల్ని కాపీ కొట్టిన పాపానికి
ఒక డెవలపర్

తా.క. మీ తమ్ముళ్ళు ఇంకో ఆరు సర్వీసుల్లో ఉన్నారు, అవే పదకొండు లైన్లు, అదే లూపు. సోమవారం నుంచి వాళ్ళ దగ్గరికి వస్తున్నా. అందులో ఒకడు బిల్లింగ్‌లో ఉన్నాడు. అక్కడ రెండుసార్లు వెళ్ళేది మెసేజ్ కాదు.