కింద పెట్టడానికి వీల్లేని కొమ్ము

జార్జియా దేశపు తూర్పు కొసనున్న కాఖేతికి బయలుదేరే ముందే నేను పుస్తకజ్ఞానం కొంత సంపాదించాను. వైన్ రుచి చూడటమంటే తాగడం కాదనీ, గుక్కెడు నోట్లో పోసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి, పక్కనుంచిన పాత్రలో మర్యాదగా ఉమ్మేయడమనీ చదివి, ఆ లెక్కన రోజుకు మూడు వైనరీలు చూసినా నిటారుగానే హోటలు చేరతానని మా ఆవిడకు హామీ ఇచ్చాను. వైన్ వాసనే గిట్టని ఆవిడ, నమ్మినట్టే తలూపింది.

ఉదయం చూసిన రెండు చోట్లా ఆ హామీ చెక్కుచెదరలేదు. ర్కాత్సితెలి అనే తెల్లద్రాక్షతో చేసిన వైన్‌ను వెలుతురుకెత్తి, అన్నీ తెలిసినవాడిలా కళ్లు చికిలించి, చప్పరించి, ఉమ్మేశాను. రెండో చోటికి వచ్చేసరికి గురి కూడా కుదిరింది.

మూడోది అలజానీ లోయలోని ఒక పల్లెలో, ఒక రైతు ఇంటి వెనకనున్న మరాని, అంటే వైన్ చేసి దాచుకునే కొట్టు. అక్కడ పీపాల వరుసలేవీ లేవు. నేలలో మెడదాకా పూడ్చిన, కోడిగుడ్డు ఆకారపు పెద్ద మట్టి గోలేల మూతులు మాత్రం కనిపించాయి. వాటిని క్వెవ్రీలంటారు. తెల్లద్రాక్ష రసాన్ని తొక్కలతో, గింజలతో సహా అందులో పోసి నెలల తరబడి మూసి ఉంచుతారు కనుకనే ఆ వైన్‌కు తేనెరంగు పడుతుంది. క్రీ.పూ. 6000 నాటి కుండపెంకుల్లో ద్రాక్షవైన్ ఆనవాళ్లు దొరికిన దేశమిది. క్వెవ్రీ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాకెక్కించింది. ఇంతటి చరిత్ర ముందు ఉమ్మడం ఎలాగా అని సంకోచిస్తూనే చుట్టూ చూశాను. ఉమ్మే పాత్ర ఆ ఇంట్లో లేనే లేదు.

భోజనాల బల్ల దగ్గర ఇంటి పెద్దాయనే తమదా, అంటే విందును నడిపే పెద్ద. ఆయన ఒక ఎద్దుకొమ్ములో సపెరావి అనే ఎర్రవైన్ నింపి నా చేతికిచ్చారు. సపెరావి అంటే రంగువేసేది అని అర్థమట. కాసేపట్లో ఆ అర్థం నా తెల్లచొక్కాకు బాగా తెలిసివచ్చింది. పెద్దాయన లేచి ఐదు నిమిషాలు గంభీరంగా మాట్లాడారు. మా డ్రైవరు దానిని "శాంతి కోసం" అని రెండు ముక్కల్లో అనువదించాడు. అందరూ "గౌమర్జోస్", అంటే జయం కలగాలి, అన్నారు. నేనూ అని, అలవాటు ప్రకారం గుక్కెడు తాగి, కొమ్మును కింద పెట్టబోయాను.

కొమ్ముకు అడుగు ఉండదు.

పళ్లేనికి ఆనించాను, ఒరిగింది. రొట్టెకూ జున్నుకూ మధ్య ఇరికించాను. జున్ను జారింది, దానితోపాటు చారెడు సపెరావి నా చొక్కా మీదికి వచ్చింది. రొట్టె తుంచాలంటే రెండు చేతులు కావాలి, జారిన కళ్లజోడు సర్దుకోవాలంటే కనీసం ఒకటి కావాలి, ఉన్న రెండూ కొమ్ముకే అంకితమయ్యాయి.

"ఏమోయ్, ఇది కాస్త పట్టుకో."

"నా రెండు చేతులూ ఫోనుకే సరిపోయాయండీ, వీడియో తీస్తున్నానుగా."

ఇక దారిలేక గటగటా ఖాళీ చేసి, బల్ల మీద పడుకోబెట్టాను. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. అతిథికి ఇంకా కావాలి కాబోలునని, కొమ్ము అంచుదాకా నింపి మళ్లీ నా చేతికే ఇచ్చారు. రెండోసారి పోయిన పెద్దల కోసం, మూడోసారి పిల్లల కోసం లేచాం. నాలుగోది ఎవరి కోసమో డ్రైవరు స్పష్టంగానే చెప్పాడు గానీ, అప్పటికి అతను ఇద్దరుగా కనిపిస్తుండటంతో ఎవరి అనువాదం వినాలో తేల్చుకోలేకపోయాను.

మర్నాడు తలకు తడిగుడ్డ చుట్టుకుని ఆ వీడియో చూశాను. నా భుజం వెనక, చేతికందే దూరంలోని అలమారలో, నాలుగు కొమ్ములు ఇనుప ముక్కాలి పీటల మీద దర్జాగా నిలబడి ఉన్నాయి.

"ఇవి నువ్వు అప్పుడే చూశావా?"

"చూశానండీ. చెబితే వీడియో అక్కడితో అయిపోయేదిగా!"