కొబ్బరితోటలో వెలసిన కోడిపందేల బరి గారికి

అయ్యా బరి గారూ,

కనుమ నాడు మూడింటికి మా ఇంట్లో గృహకూడిక అండి. పాస్టరు గారు వచ్చారు, స్త్రీల సమాజం మొత్తం వచ్చింది, చాపలు పరిచాం, పులిహోర కలిపాం. ఇంటి యజమాని మాత్రం తమరి సన్నిధిలో ఉండిపోయారు. "ఇలా చూసి అలా వచ్చేస్తా" అని వెళ్ళిన మనిషి దీపాలు పెట్టాక వచ్చారు. ఈలోగా పాస్టరు గారు ఆయన పేరు చెప్పి మరీ ప్రార్థన చేస్తుంటే, తమరి మైకు "గెలిచింది డేగా!" అని పుంజు గెలుపును కేకేసింది. వెనక కూర్చున్న పిల్లాడు ఆమేన్ అన్నాడు.

తమరు చట్టానికే లొంగరు, నా లేఖకేం లొంగుతారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 2016లో హైకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. భోగి ముందు రోజు దాకా పోలీసు జీపు ఊరంతా తిరిగి హెచ్చరించింది. భోగి మధ్యాహ్నానికి ఆ హెచ్చరిక ఫ్లెక్సీ నీడలోనే బళ్ళు పెట్టుకున్నారు. ధవళేశ్వరంలో 1852కల్లా గోదావరికే ఆనకట్ట కట్టారు గానీ, పండగ మూడు రోజులూ మా మగాళ్ళకి కట్టగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

కోడికి బాదంపప్పు, మటన్ ఖీమా. మా పిల్లలకి రేషన్ బియ్యం. సరే, అదలా ఉంచండి.

నా బాధంతా ఆ "చూసొస్తా" గురించి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరి ముందూ నిలబడి, ఈ ఏడాది బరి గట్టు తొక్కనని తీర్మానం చేసుకున్న మనిషి ఈయన. పందెం వేస్తాననలేదండి, చూస్తానన్నారు అంతే. మొదటి కీర్తన మొదటి వచనం పిల్లలకి కూడా నోటికొచ్చు: దుష్టుల ఆలోచన చొప్పున నడవొద్దు, పాపుల మార్గంలో నిలవొద్దు, అపహాసకులు కూర్చునే చోట కూర్చోవద్దు. తమరు ఆ వచనాన్ని తిరగేసి టెంటు వేసినట్టున్నారు. తోట దాకా నడవడానికి కొత్తగా గ్రావెల్ తోలించారు. నిలబడి చూడ్డానికి కర్రల కంచె కట్టారు. నిలబడ్డవాడి కాళ్ళు పీకే సమయానికి కుర్చీ వేశారు. కుర్చీలో కూర్చున్నాక పక్కవాడు "డేగ మీద అయిదొందలు, కాస్తావా?" అంటాడు. హవ్వ కూడా పండును ముందు చూసిందే కదండీ! తినడానికని చెట్టు దగ్గరికి వెళ్ళలేదు.

ఆ రాత్రి చొక్కా ఉతకబోతే జేబులో కానుక కవరు దొరికింది. ఆదివారం వేద్దామని నేనే డబ్బు పెట్టి, అంటించి ఇచ్చిన తెల్ల కవరు. చింపి ఉంది. వెనకవైపు బాల్‌పెన్నుతో, ఆయన రాతే: డేగ 500, కాకి 1000, నెమలి 500. కాకి ఎదురుగా ఇంటూ మార్కు. నెమలి ఎదురుగా ఇంకో ఇంటూ. దేవుడి కవరు మీద కోళ్ళ పద్దు!

అడిగితే, మధ్యలో లేచి వచ్చేద్దామనే అనుకున్నారట. శోధనతోపాటు తప్పించుకునే మార్గాన్నీ దేవుడు కలగజేస్తాడని కొరింథీయులకు పౌలు రాశాడు. కలగజేసే ఉంటాడు. దాని మీద తమరు మూడు వరసల్లో బళ్ళు పెట్టించారు. యజమాని భార్య పట్టుకుంటే యోసేపు పైబట్ట వదిలేసి పారిపోయాడు. బండి వదిలేసి నడిచి రావచ్చు కదా అంటే, ఈఎంఐ ఉందన్నారు.

మా మరిది ఇంకా ఘనుడు. చీట్లు ఒడిలో వేసినా తీర్పు యెహోవాదేనని సామెతల్లో ఉంది వదినా అని, గుండాట అనే జూదం బల్ల దగ్గర నుంచి ఫోన్లో నాకే వాక్యం చెప్పాడు. యేసును శోధించేటప్పుడు అపవాది కూడా కీర్తనలే వల్లించాడు నాయనా అన్నాను. సిగ్నల్ లేదన్నాడు.

ఇంక తమరూ గిమరూ అననక్కర్లేదు. నీకు సిగ్గుందా? దాళ్వా, అదే రెండో పంట, ఊడ్పులకి దాచిన డబ్బుంది ఊళ్ళో ప్రతి ఇంట్లో, నీకు తెలుసు. ఆ డబ్బు కోసమే ఈ సీజన్లో దిగుతావు. యేసును ఎరగనన్న పేతురు కోడి కూత విని బయటికెళ్ళి ఏడ్చాడు. మావాళ్ళు కోడి చచ్చాక గానీ ఏడవరు, అదీ కోడి కోసం కాదు. ఇది మతాల గొడవ అని తప్పించుకోకు. పక్కింటి పిన్నిగారు ముగ్గులో గొబ్బెమ్మలు సర్దుకుంటూ వాళ్ళాయన్ని తిట్టిన తిట్లు నాకు రావు, వస్తే ఇక్కడ రాసేదాన్ని.

వచ్చే కనుమకి కూడిక మా ఇంట్లో పెట్టం. నీ గేటు దగ్గర, ఆ బళ్ళు పెట్టే చోట పెడతాం. పాస్టరు గారు కాసేపు నసిగి ఒప్పుకున్నారు. చాపలు మావి, కంజీరలు మావి, మైకు కూడా మాదే. పిన్నిగారు గారెలు వండి తెస్తానన్నారు. కరెంటు మాత్రం నీ జనరేటరు నుంచే లాగుతాం.

ఇట్లు,
స్త్రీల సమాజం కార్యదర్శి