పుల్మన్‌లో గోడలు మెచ్చుకునే ముందు అద్దె లెక్క చూడండి

చికాగో దక్షిణాన ఉన్న పుల్మన్ చూసొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే పాట: రైలుపెట్టెల కంపెనీ యజమాని జార్జి పుల్మన్ తన కార్మికుల కోసం ఎంత చక్కటి ఊరు కట్టాడో అని. చక్కదనం కాదనను. 1880లో పని మొదలైంది. ఆర్కిటెక్టు సోలన్ బీమన్ ప్లాను, కాల్యుమెట్ సరస్సు బంకమట్టి ఇటుక, ఇళ్ళకు కొళాయి నీళ్ళు, గ్యాసు. కానీ రైలుపెట్టెలు చేసే ఆ కార్మికుడికి కంపెనీ ఒక్క ఇల్లూ అమ్మలేదు. అన్నీ అద్దెకే. ఊరి మీద ఏటా 6 శాతం లాభం రావాలన్నది దాని లెక్క.

1893 మాంద్యంలో కూలి సగటున 25 శాతం కోశారు, అద్దె మాత్రం తగ్గించలేదు. ఆ అద్దెలు చుట్టుపక్కల కంటే 20-25 శాతం ఎక్కువని తర్వాత విచారణ జరిపిన అమెరికా ఫెడరల్ ప్రభుత్వ కమిషనే తేల్చింది. కూలి పద్దు 72 లక్షల డాలర్ల నుంచి దాదాపు 45 లక్షలకు పడిపోయిన ఏడాదే వాటాదారుల డివిడెండు 25.2 లక్షల నుంచి 28.8 లక్షలకు పెరిగింది. 1894 మే 11న కార్మికులు సమ్మెకు దిగి పని ఆపింది ఇందుకే! దీన్ని వదిలేసి గడియార స్తంభం ఫొటో పెడితే ఊరి చరిత్ర చెప్పినట్టు కాదు.

ఆ ఇళ్ళు వదులుకోమని కంపెనీకి 1898లో ఇలినాయ్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1960లో ఊరు పడగొట్టి పరిశ్రమల వాడ కడతామన్నప్పుడు అడ్డుపడింది అక్కడ కాపురముంటున్నవాళ్ళే. 1970లో జాతీయ చారిత్రక గుర్తింపు, 2015లో జాతీయ స్మారకంగా అధ్యక్షుడు ఒబామా ప్రకటన, అన్నీ ఆ పోరాటం తర్వాతవే.

ఇప్పుడు ఆ గోడలకు అసలు గండం సిమెంటు. పాత ఇటుక మెత్తన. ఇటుకల మధ్య సందుల్లో గట్టి సిమెంటు కూరితే లోపలి తేమ సందుగుండా బయటికి పోలేక ఇటుకలోనే నిలుస్తుంది. చికాగో చలికి అది గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. పెచ్చు లేచిన ఇటుకను మళ్ళీ బాగుచెయ్యలేం, మార్చాల్సిందే. కాబట్టి పాయింటింగ్‌కు, అంటే ఆ సందులు మళ్ళీ నింపడానికి, సున్నమే వాడాలి: ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ళు ఇసుక. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు వరకు పాతది తవ్వాలి, అదీ ఉలితో. గ్రైండరు పెడితే ఇటుక అంచులు తెగుతాయి. సన్న సందుల్లో మరీ ప్రమాదం. గోడ తడిపి, పొరలు పొరలుగా నింపి, కొన్నాళ్ళు గోనె తడిపి కప్పాలి, లేకపోతే సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. చలి 4 డిగ్రీల కిందికి దిగే రోజుల్లో ఈ పని ముట్టుకోవద్దు.