కాపలా కణంలోనే కాపురం

క్షయ మందులు మధ్యలో ఆపేసిన మనిషిని నిర్లక్ష్యం చేశాడని తిట్టడం తేలిక. చెన్నైలో పోరూరు నుంచి పాత మహాబలిపురం రోడ్డు దాకా లేస్తున్న భవనాల దగ్గర పనిచేసే శ్రీకాకుళం, విజయనగరం కూలీలలో ఎవరికైనా టీబీ వస్తే, మందులు మొదలుపెట్టిన రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, చాలామందికి కళ్లె పరీక్షలో క్రిమి కనబడదు. రోగం పోయిందనుకోవడంలో వింతేముంది? పోలేదని వారికి అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత వైద్య వ్యవస్థది, మావంటి పత్రికలదీ.

దగ్గు తుంపరతో ఊపిరితిత్తుల్లోకి చేరిన క్రిమిని మాక్రోఫేజ్ అనే కాపలా కణం మింగి ఒక సంచిలో బంధిస్తుంది. ఆ సంచి గోడలోని పంపులు ఆమ్లాన్ని లోపలికి తోడతాయి. జీర్ణరసాలు నింపుకున్న లైసోజోమ్ వచ్చి సంచిలో కలిసిపోతుంది. చాలా బ్యాక్టీరియాల పని అక్కడితో సరి. క్షయ క్రిమి ఆ పంపులను సంచి గోడకు చేరనివ్వదు. ఆమ్లత్వపు కొలత పీహెచ్ (ఎంత దిగితే అంత ఆమ్లం) 5 దాకా దిగాల్సినచోట 6.2 దగ్గరే నిలిచిపోతుంది. లైసోజోమ్‌కు దారి చూపే కొవ్వు గుర్తు ఒకటి సంచి గోడ మీద ఉంటుంది. శాప్‌ఎం అనే ఎంజైమును వదిలి క్రిమి ఆ గుర్తును చెరిపేస్తుంది. తర్వాత ఈఎస్‌ఎక్స్-1 అనే స్రావ యంత్రాంగంతో సంచి గోడకే చిల్లులు పెడుతుంది. బీసీజీ టీకాలో వాడే క్రిమికి ఈ యంత్రాంగపు జన్యువులు కొన్ని లేవు. అది మనకు రోగం తేకపోవడానికి ముఖ్య కారణం అదే.

క్షయ క్రిమికి తిండి కూడా ఆ కాపలా కణం సొమ్మే. కణం పొరల్లోని కొలెస్ట్రాల్‌నూ నిల్వ కొవ్వునూ కరిగించుకు తింటుంది. శరీరం ఇనుమును దాచేస్తే మైకోబాక్టిన్ అనే పదార్థంతో లాక్కుంటుంది. చుట్టూ రక్షణ కణాలు గోడ కట్టి, లోపల ఆక్సిజన్ అడుగంటినప్పుడు దాస్‌ఆర్ అనే నియంత్రకం దాదాపు 50 జన్యువులను మేల్కొలుపుతుంది. క్రిమి విభజన ఆపి నిద్రపోతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు.

చికిత్సకు ఆరు నెలలు పట్టేది ఈ నిద్ర వల్లనే. ఐసోనియాజిడ్ అనే మందు విభజన చెందుతున్న క్రిమి గోడను దెబ్బతీస్తుంది కనుక మొదటి రోజుల్లోనే ఎక్కువ క్రిములు చస్తాయి, మనిషికి హాయిగా ఉంటుంది. ఆమ్లం ఉన్నచోట దాగినవాటి మీద పైరజినమైడ్ పనిచేస్తుంది. అప్పుడప్పుడు కాసేపు మేలుకునే క్రిములను పట్టేది రిఫాంపిసిన్. మూడో నెలలో ఆపేస్తే మిగిలేది ఈ నిద్రపోయే గుంపే. మన జాతీయ క్షయ కార్యక్రమంలో 50 నుంచి 64 కిలోల మనిషికి రోజుకు నాలుగు మాత్రలు ఇస్తారు. ఒక్కోదానిలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబ్యుటాల్ 275 మిల్లీగ్రాములు. రెండు నెలలయ్యాక పైరజినమైడ్ ఆపి మిగతా మూడూ మరో నాలుగు నెలలు. మూత్రం నారింజ రంగులోకి మారితే భయపడనక్కర్లేదు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

నాలుగు మందులు కలిపి ఎందుకంటే, ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి సహజంగానే సుమారు పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది పది కోట్లలో ఒకటి ఉంటుంది. ఊపిరితిత్తిలో పుండు గొయ్యిగా మారితే అందులోనే కోట్ల క్రిములుంటాయి. ఒకే మందు వేస్తే లొంగనిదే పెరుగుతుంది. దగ్గుకు మెడికల్ షాపులో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చేతిలో పెట్టే అలవాటు ఇక్కడే ప్రాణాంతకం. అది క్షయ క్రిమిని సగం అణచి, పరీక్షను వారాల తరబడి వెనక్కి నెడుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు కళ్లె పరీక్ష, ఆ తర్వాతే మందు.

మాత్ర ఇంటికి చేరితే చాలని నిరూపించింది ఈ చెన్నై నగరమే. చేత్‌పట్‌లోని క్షయ పరిశోధనా సంస్థ 1956లో మొదలుపెట్టి 1959లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనంలో, ఏడాదిపాటు మందులు ఇంట్లో వాడినవారూ శానటోరియంలో (క్షయ ఆసుపత్రిలో) ఉండి వాడినవారూ దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇరుకు ఇళ్లు, చాలీచాలని తిండి ఉన్నా అంతే. అలాంటిది 2024 మార్చిలో సరఫరా తడబడి, మందులు స్థానికంగా కొనుక్కోమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ఇది మళ్లీ జరగడానికి వీల్లేదు. ప్రతి జిల్లాలో మూడు నెలల నిల్వ ఎప్పుడూ ఉండాలి.

సంక్రాంతికి, పొలం పనులకు ఊరెళ్లే కూలీ ప్రయాణం ముందే తెలుస్తుంది. మందులిచ్చే సిబ్బంది ఆ మాట అడిగి, ప్రభుత్వ క్షయ రోగుల నమోదు వ్యవస్థ నిక్షయ్ ఇచ్చే నంబరు మీద కేసును సొంత జిల్లాకు బదిలీ చేసి, దారి కోసం నెల మాత్రలు చేతికివ్వాలి. ఆ నంబరు మనిషి వెంటే వెళ్తుంది. నెలకు వెయ్యి రూపాయల పోషణ సాయం కూడా దాని మీదే వస్తుంది. చికిత్స కార్డు మీద తమిళంతోపాటు తెలుగు, ఒడియా, హిందీల్లో నాలుగు వాక్యాలు అచ్చువేయించమని తమిళనాడు ఆరోగ్యశాఖను కోరుతున్నాం: ఏ మాత్ర ఎన్ని నెలలు, ఊరెళ్తే ఎవరికి చెప్పాలి, ఏ లక్షణానికి ఆగకుండా రావాలి, రెండో నెలలో దగ్గు తగ్గినా ఎందుకు మానకూడదు.